మనిషి కంటే ముందు వచ్చిన టోపీ

కరెంటు శాఖలో లైన్ ఇన్‌స్పెక్టర్‌గా నా ఉద్యోగమంతా తల పైకెత్తుకునే గడిచింది. పాతబస్తీ గల్లీల్లో స్తంభాలు, వాటి మధ్య చిక్కుముడులు పడ్డ తీగలు, ఆ తీగలకు తగులుకున్న గాలిపటాలు. రిటైరయ్యాక డాక్టరు మెడ పూసలు అరిగిపోయాయని చెప్పి, ఇక పైకి చూడటం మానెయ్యమన్నాడు. అప్పట్నుంచి నా చూపు కాస్త కిందికి దిగి, మనుషుల నెత్తుల దగ్గర ఆగింది. పాత టోపీల పిచ్చి ఎందుకు పట్టిందని ఎవరైనా అడిగితే ఇంతకన్నా గొప్ప కారణం నా దగ్గర లేదు.

మొదటిది పాత సామాన్లమ్మే జుమేరాత్ బజార్‌లో దొరికింది. కుక్కర్ మూతలు, జత లేని చెప్పుల మధ్య బోర్లా పడి ఉంది. గోధుమ రంగు ఫెల్టు టోపీ, చుట్టూ అంచు, నడుమున రిబ్బను. ఇంటికి తెచ్చి బకెట్లో సర్ఫ్ కలిపి నానబెట్టాను. ఉన్నిని అదిమి చేసిన టోపీని నీళ్లలో ముంచకూడదని అప్పుడు నాకేం తెలుసు. మేడ మీద ఆరేసి సాయంత్రం చూస్తే దోసిట్లో పట్టేంతైంది. మా ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "కొబ్బరికాయకు తొడుగు, మంచిగుంటది," అంది.

ఆ ఉక్రోషంతోనే నేర్చుకున్నాను. టోపీని ఎండకెత్తి పట్టుకుని లోపల్నుంచి చూడాలి, పురుగు కొట్టిన చోటల్లా వెలుతురు చుక్క కనిపిస్తుంది. లోపలి తోలు పట్టీ ఎత్తి చెమట మరకలు చూడాలి. మగవాళ్ల టోపీకి రిబ్బను ముడి ఎడమ వైపు ఉంటుంది. సొట్టలు పడితే ఆవిరి పట్టి వేళ్లతో సర్దాలి. దానికి మా ఇంట్లో ఇడ్లీ పాత్రను మించిన సాధనం దొరకలేదు. టిఫిన్లయ్యాక ఆ పాత్ర, బాల్కనీలో ఒక చిన్న స్టవ్వు నావి. అలా నల్ల కుచ్చు వేలాడే ఒక ఎర్ర రూమీ టోపీ, బెండుతో చేసిన దొరల కాలం నాటి టోపీ ఒకటి, నాలుగైదు ఫెల్టు టోపీలు ఇల్లు చేరాయి.

మా ఆవిడ వద్దనలేదు గానీ ప్రతి టోపీకీ గుమ్మం దగ్గరే ఒక ప్రశ్న వేసేది.

"మనిషి ఉన్నడా, పోయిండా?"

పోయిండంటే గిన్నెలో పసుపు నీళ్లు కలిపి వేపరెమ్మతో టోపీ మీద చిలకరించేది. తర్వాత అది ఒక పగలంతా బాల్కనీలో ఎండాలి. ఆపైన కూడా ఇంట్లోకి రాకూడదు, బాల్కనీలోనే తలుపుల్లేని బీరువాలో ఉండాలి. తెలియదని తప్పించుకోబోతే, "తెల్వదంటే పోయినట్టే," అని గిన్నె తెచ్చేది. ఉన్నడు అనే జవాబు చెప్పాల్సిన అవసరం నాకెప్పుడూ రాలేదు. పొద్దుగూకే వేళకు ఆ బీరువా అరల్లో టోపీలన్నీ వరసగా, మనిషి నిలబడితే తల ఎక్కడుంటుందో సరిగ్గా ఆ ఎత్తులో కనిపించేవి. కొన్నాళ్లకు ఆమె ఆరిన బట్టలు తేవడానికి సాయంత్రాలు నన్నే పంపడం మొదలుపెట్టింది. నేను నవ్వేవాణ్ణి కానీ, బట్టలు తీసుకుని త్వరగానే లోపలికి వచ్చేసేవాణ్ణి.

నాకు టోపీలు చేర్చేది పాత సామాన్లు కొనే ఒక కబాడీ భాయ్. దబీర్‌పురా స్టేషన్ వెనక ఒక రేకుల గది, ఒక తోపుడు బండి అతని ఆస్తి. మిగతా కబాడీల్లా గల్లీ అంతా దద్దరిల్లేట్టు కేకలు పెట్టేవాడు కాదు. చావు జరిగిన ఇంటి దగ్గర హిందువులదైతే పదకొండో రోజు దాటాక, ముస్లింలదైతే నలభయ్యో రోజు దాటాక, బండిని మెల్లగా తీసుకొచ్చి ఎదురుగా ఆపి నిలబడేవాడు. ఏమీ అడిగేవాడు కాదు. కాసేపటికి ఇంటివాళ్లే మంచం, చేతికర్ర, కళ్లజోడు, టోపీ బయటికి తెచ్చి పెట్టేవాళ్లు. ఇది అతని పనితనం. దీనికి అతనికొక నియమం కూడా ఉంది.

"టోపీ మనిషి ఎన్కనే బయటికొస్తది సాబ్, ముందు రాదు. మనిషి ఉండంగ టోపీ అడగొద్దు, ఇచ్చినా తీస్కోవద్దు. మా అబ్బా నేర్పిన ఉసూల్," అన్నాడోసారి టీ తాగుతూ.

"ఏ ఇంట్ల పోయిన్రో నీకెట్ల తెలుస్తది?" అని అడిగాను.

"గల్లీల తిరిగెటోనికి తెలువదా. ఎవరింట్ల దగ్గు ఎక్కువైంది, ఎవరింటి ముంగట ఆటో రోజు ఆగుతుంది, గిదంత చూస్తనే ఉంట గద."

అక్కణ్ణుంచి అతని ఫోన్లు మొదలయ్యాయి. మొఘల్‌పురాలో ఒకటుంది సాబ్, జర సబర్ చెయ్ అనేవాడు. ఓపిక పట్టమనేది దేనికోసమో నాకర్థమయ్యేది. అట్లాంటి మాటలు నాకు చెప్పకు భాయ్ అని ఒక్కసారైనా అనాలనుకునేవాణ్ణి, అనేవాణ్ణి కాదు. పైగా రెండు వారాలు ఫోను రాకపోతే నేనే చేసి, ఏమన్న ఉన్నదా భాయ్ అని అడిగేవాణ్ణి.

కలెక్షన్ అనేది మొదట్లో చేతికి దొరికినవాటితో తృప్తి పడుతుంది. తర్వాత దొరకనిదాని మీద పడుతుంది. నాకు దొరకనిది నయాపూల్‌లో తిరిగేది.

ఆ టోపీ యాకుత్‌పురాలో ఉండే ఒక పెద్దాయనది. ఆయన ఒకప్పుడు నయాపూల్ దగ్గర కోర్టు గేటు బయట బల్ల వేసుకుని అర్జీలు, అఫిడవిట్లు టైపు కొట్టేవారు. టైపు సారు అని పేరు. బూడిద రంగు ఫెల్టు టోపీ, ముందువైపు అంచు కాస్త కళ్ల మీదికి వంగి ఉండేది. రిబ్బనుకు కుడిపక్కన ఎప్పుడూ నాలుగైదు గుండుసూదులు గుచ్చి ఉండేవి, కాగితాలకు పెట్టడానికి. ఎండలో అవి తళుక్కుమనేవి. ఆ గల్లీలో కరెంటు పోతే నేనే వెళ్లేవాణ్ణి కాబట్టి వాళ్లింటితో నాకు ఎప్పట్నుంచో పరిచయం. సారు భార్యను నేను పెద్దమ్మా అంటాను, ఆమె నన్ను తమ్మీ అంటుంది. వాళ్లింట్లో గుమ్మం పక్కన ఆ టోపీకోసమే ఒక మేకు ఉంది, నేను వెళ్లేది పగటిపూట, సారు బయట ఉన్నప్పుడు కాబట్టి అది ఖాళీగానే కనిపించేది.

బల్ల పోయి, మిషను పోయి చాలా ఏళ్లయింది. ఈ మధ్య ఆయనకు మతిమరుపు వచ్చింది. అయినా రోజూ పొద్దున్నే టోపీ పెట్టుకుని, పెద్దమ్మతో పోయొస్త అని చెప్పి, నడిచి నయాపూల్ చేరేవారు. అంతవరకూ దారి కాళ్లకు తెలుసు. తన బల్ల ఉండే చోట ఇప్పుడు మొబైల్ కవర్ల బండి ఉంది. దాని పక్కన నిలబడి కాసేపు చూసేవారు. ఆపైన ఇంటికి ఎటు పోవాలో తెలిసేది కాదు.

అప్పుడు బత్తాయి రసం బండివాడు వచ్చి మోచెయ్యి పట్టుకుని ఆయన్ను వెనక్కి తిప్పేవాడు. దారుల్‌షిఫా దగ్గర చాయ్ హోటలతను కూర్చోబెట్టి చాయ్ పోసి, యాకుత్‌పురా వైపు పోయే మనిషెవరైనా ఉంటే అప్పజెప్పేవాడు. దబీర్‌పురాలో పాన్ డబ్బావాడు చూసి, ఇటు తాతా అని కేకేసేవాడు. అలా చేతులు మారుతూ మధ్యాహ్నం అన్నం వేళకు ఇల్లు చేరేవారు. ఎవరూ ఎవరికీ చెప్పింది లేదు, దానంతటదే అలవాటైపోయింది. ఆయన పేరు వాళ్లలో ఎవరికీ తెలియదు. టోపీ తాత అంతే. కొందరికి టోపీవాలే దాదా.

నేను కూడా ఎన్నోసార్లు ఆయన వెనకాల నడిచాను. నిజం చెప్పాలంటే ఇంటికి చేర్చడానికి కాదు, రిబ్బను కుట్టు చూడటానికి. ఒకరోజు ఉండబట్టలేక, "సారూ, ఈ టోపీ యాడ కొన్నరు?" అని అడిగాను. ఆయన నా వంక చూసి, చెయ్యెత్తి టోపీని నెత్తి మీదికి గట్టిగా అదుముకున్నారు.

"ఇంక టైముంది తమ్మీ," అన్నారు.

నేను అడిగింది అది కాదు. కానీ ఆయన జవాబు చెప్పింది దేనికో నాకు తెలిసిపోయింది. ఆ రోజంతా మనసు మనసులో లేదు.

మార్చి దాటి ఎండలు ముదిరాయి. నాలుగు రోజులు మెడనొప్పితో నేను బయటికే రాలేదు. ఐదో రోజు పొద్దున కబాడీ భాయ్ మా గేటు ముందు బండి ఆపాడు. ఎప్పుడూ ఫోను చేసి పిలిచేవాడు తప్ప ఇంటికొచ్చినవాడు కాదు. న్యూస్ పేపర్లో చుట్టిన పొట్లం నా చేతిలో పెట్టి, కుశలమైనా అడగకుండా బండి తిప్పుకుని వెళ్లిపోయాడు. నా ముఖంలోకి చూడలేదు.

పేపరు విప్పేసరికి గుండుసూదులు వేలికి గుచ్చుకున్నాయి.

టైపు సారు పోయారన్నమాట. పదకొండో రోజు లెక్క నాకు తట్టనేలేదు. ముందు అయ్యో అనిపించింది. ఆ అయ్యో వెనకాలే సంతోషం వచ్చింది. రెండూ కలిసే వచ్చాయి, ఏది ఎక్కువో నేను తూకం వెయ్యలేదు. గుమ్మం దగ్గర మా ఆవిడ అడిగింది.

"మనిషి ఉన్నడా, పోయిండా?"

"పోయిండు."

ఆమె పసుపు నీళ్లు చిలకరించింది. ఆ రోజు ఎండబెట్టే ఓపిక నాకు లేదు, ఇడ్లీ పాత్ర బాల్కనీలోని స్టవ్వు మీద పెట్టాను. ఆవిరి తగలగానే టోపీలోంచి కొబ్బరినూనె వాసన లేచింది. నా దగ్గరికొచ్చే టోపీలన్నీ పెట్టె వాసన వేస్తాయి, కలరా ఉండల వాసన వేస్తాయి. ఇది మనిషి నెత్తి వాసన వేసింది. లోపలి తోలు పట్టీ మీద వేలు పెట్టి చూశాను. చెమ్మగా ఉంది. ఆవిరి వల్లే అనుకున్నాను. ఆవిరి ఇంకా లోపలికి పోలేదని తెలిసే అనుకున్నాను.

సాయంత్రం పరామర్శకు బయల్దేరాను. చావింటికి పోయే పద్ధతులు మా ఆవిడ మరోసారి గుర్తు చేసింది. పండ్లు, పూలు పట్టుకుపోవద్దు, ముందు కాళ్లకు నీళ్లడగొద్దు, లేచేటప్పుడు పోయొస్త అనొద్దు. అలాంటి ఇంటికి మళ్లీ వస్తామని ఎవరంటారు. ఊరికే లేచి వచ్చెయ్యాలి.

వాళ్ల తలుపు తీసే ఉంది. ముందు గదిలో మంచం మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నారు. బట్టతల, చెవుల పైన నాలుగు తెల్ల వెంట్రుకలు, నుదురు మీద అడ్డంగా ఒక లేత గీత, దాని పైన చర్మం ఒక రంగు, కింద ఒక రంగు. ఊరి నుంచి వచ్చిన అన్నగారో, వియ్యంకుడో అనుకున్నాను. నేను తల వంచుకుని ఆయన పక్కన కూర్చున్నాను. చావింట్లో మాట్లాడే గొంతుతో అడిగాను.

"తమరు సారుకు ఏమైతరు?"

ఆయన నన్ను చూశారు. కిందికి వంగి, మంచం కింద చేత్తో తడుముతూ దేనికోసమో వెతకడం మొదలుపెట్టారు. ఇంతలో వంటింట్లోంచి పెద్దమ్మ వచ్చింది. చేతులకు గాజులున్నాయి. నుదుట రూపాయి బిళ్లంత బొట్టుంది. ఆమె ముఖం చూసి, పక్కనున్న మనిషిని చూసి, అప్పుడు పోల్చుకున్నాను. నెలల తరబడి ఎవరి నెత్తి చూస్తూ నడిచానో ఆ మనిషి పక్కన కూర్చుని గుర్తుపట్టలేదు.

"టోపీ కనబడ్తలేదని పొద్దుగాల్నుంచి ఇల్లంత దేవులాడ్తుండు తమ్మీ," అంది పెద్దమ్మ. "మేకుకే ఉండె. ఎవలు తీస్తరు మా ఇంట్ల?"

వాళ్ల కొడుకు నా భుజం తట్టి బయటికి రమ్మన్నాడు. అతనికి నయాపూల్‌లోనే జిరాక్స్ షాపుంది, తండ్రి జాడ తప్పినప్పుడల్లా షట్టర్ దించి వెతకాల్సి వచ్చేది. గల్లీ మొదట్లో నిలబడి మెల్లగా చెప్పాడు.

"కబాడాయనకు నేనే ఇచ్చిన అన్నా. తీస్కోనన్నడు, బలవంతంగ బండి మీద పెట్టిన. బాపు పుట్టి బుద్ధెరిగి టోపీ లేకుంట గడప దాటలే. పాల ప్యాకెట్‌కు పోయినా పెట్టుకునే పోయిండు. టోపీ లేకుంటె ఇంట్లనే ఉంటడు. గీ ఎండల, గా బస్సుల నడుమ తిరుగుతుంటె నాకు నిద్ర పడ్తలేదు."

అతన్ని తప్పుపట్టడానికి నాకేమీ దొరకలేదు. టోపీ నా దగ్గరుందని చెప్పాను. అతను వెనక్కి తిరిగి ఇంటి తలుపు వంక చూశాడు.

"నీ కాడనే ఉండనియ్ అన్నా. ఎండలు తగ్గెదాక. అమ్మకు చెప్పకు."

సరేనన్నాను. అతనికి కావాల్సింది, నాకు కావాల్సింది ఒకటే కావడం నాకు నచ్చలేదు. అయినా సరేనన్నాను. లోపలికి వెళ్లి పెద్దమ్మకు ముఖం చూపించి లేచాను. దారంతా మననం చేసుకుంటూ వచ్చిన పద్ధతి నోట్లోనే ఉన్నట్టుంది, పోయొస్త అనే మాట రాలేదు. ఊరికే లేచి వచ్చేశాను. గడప దగ్గర ఆమె నా వంక చిత్రంగా చూసింది.

ఇంటికి వచ్చి జరిగింది చెప్పేసరికి మా ఆవిడ చేతిలోని గరిటె అలాగే ఆగిపోయింది.

"బతికున్నోని టోపీ మీద నాతోని పసుపు నీళ్లు చల్లిపిచ్చినవా?"

దీనికి విరుగుడు ఏమిటో ఆమెకు తెలియదు. వాళ్లమ్మ నేర్పలేదు. అలాంటిది జరుగుతుందని వాళ్లమ్మకు మాత్రం ఎవరు చెప్పి ఉంటారు. పొద్దున్నే తిరిగిచ్చి రమ్మంది. కొడుకే ఉంచమన్నాడంటే, "నెత్తి కొడుకుదా?" అంది. నేను కబాడీ భాయ్‌కి ఫోన్ చేసి అరిచాను, నీ ఉసూల్ ఏమైందని.

"బేటా వినలేదు సాబ్. బండి మీద వొదిలేసి ఉరికిండు. ఇంట్ల పెట్టుకుంటె నా దిల్ నిమ్మలంగ లేకుండె. అందుకే జల్ది నీకు తెచ్చిచ్చిన," అన్నాడు.

టోపీ నేను తిరిగివ్వలేదు. ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం టైపు సారు కొడుకు ఫోన్ చేశాడు. బాపు ఇంట్లో లేడు. పొద్దున్నే వెళ్లినట్టుంది. నయాపూల్‌కు వచ్చి ఉంటాడని షాపు దగ్గర చూశాడు, ఎవరూ ఆయన్ను ఇంటికి తీసుకురాలేదు.

"టోపీ?" అని అడిగాను, తెలివితక్కువగా.

"టోపీ లేకుంటనే పోయిండు అన్నా."

టోపీ సంచిలో వేసుకుని ఆటో ఎక్కాను. బత్తాయి రసం బండివాడికి టోపీ చూపించగానే అతని ముఖం విప్పారింది.

"టోపీవాలే దాదాది గద? ఇయ్యాల రాలే భాయ్."

దారుల్‌షిఫా చాయ్ హోటల్లో అదే మాట. టోపీ అందరికీ తెలుసు. ఆ టోపీ ఏ వేళకు ఎక్కడుంటుందో తెలుసు, దాని కింద చాయ్‌లో చక్కెర ఎంత వెయ్యాలో కూడా తెలుసు. ముఖం ఎలా ఉంటుందంటే మాత్రం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముక్కు పొడుగు అన్నాడొకడు. కాదు, వెడల్పు అన్నాడింకొకడు.

దబీర్‌పురా పాన్ డబ్బావాడు టోపీని చేతిలోకి తీసుకుని డబ్బా మీద మెల్లగా పెట్టాడు.

"పొద్దుగాల ఒక ముసలాయన వచ్చిండు," అన్నాడు. "ఎండల నిలబడి నెత్తి మీద చెయ్యి పెట్టుకుని ఉన్నడు. గిట్ల, అదుముకున్నట్టు. నోట్లనే ఏందో అంటుండు. అడుక్కునెటాయన అనుకుని, ఆగే జావ్ బాబా, ముంగటికి పో అన్న."

"ఎటు పోయిండు?"

"నేను సూడలే అన్నా. గిరాకీ ఉండె."

అతను స్టూలు మీద కూలబడ్డాడు. నేను అతని ఎదురుగా నిలబడి, అతనేం చేశాడో నేనూ అదే చేశానని, అది కూడా ఆయన ఇంట్లో, ఆయన మంచం మీద కూర్చుని చేశానని చెప్పలేకపోయాను.

పోలీస్ స్టేషన్లో ఫోటో అడిగారు. ఇంట్లో ఉన్న ఫోటోలన్నీ తిరగేశాం. పెళ్లిళ్లలో, బర్త్‌డేల్లో, కోర్టు గేటు ముందు, అన్నింట్లో టోపీ ఉంది, కళ్ల మీద దాని నీడ ఉంది. టోపీ లేనిది ఒక్క ఆధార్ కార్డులోనే దొరికింది. అందులో ఆయన ఎవరిలానైనా ఉన్నారు. కానిస్టేబుల్ దాన్ని ఫోన్లో ఫోటో తీసుకుంటూ, "గిట్లాంటి ఫోటోతోని నన్ను నేనే పట్టలేను," అన్నాడు. వెటకారం కాదు, పాపం ఉన్నమాటే అన్నాడు.

దవాఖానలు తిరిగాం. యాకుత్‌పురా స్టేషన్, దబీర్‌పురా స్టేషన్, మూసీ గట్టు చూశాం. కబాడీ భాయ్ బండి పక్కన పడేసి, తనకు తెలిసిన గల్లీలన్నీ తిరిగాడు. మరుసటి రోజు సాయంత్రానికి కొడుకు గొంతు పోయింది. పెద్దమ్మ ఏడవలేదు. అప్పటికి టోపీ సంగతి ఆమెకు తెలిసిపోయింది. ఎవర్నీ ఒక్క మాట అనలేదు. నా చేతిలోని టోపీ వంక చూసి మాత్రం అంది.

"సంచిల పెట్టుకుని తిరుగుతె ఆయనకు కనబడ్తదా తమ్మీ? నెత్తి మీద పెట్టుకో. యాడున్నా దూరంకెళ్లి సూస్తడు. తన టోపీ అని ఎంబడొస్తడు."

నాకు భయం వేసింది. సేకరించిన టోపీల్లో ఒక్కటి కూడా నేను నెత్తిన పెట్టుకుని వీధిలోకి పోలేదు. అయినా పెట్టుకున్నాను. నాకోసం కొలత తీసి చేసినట్టు సరిపోయింది. తోలు పట్టీ నుదుటికి చల్లగా తగిలింది.

నయాపూల్ దాకా నడిచాను. ఆయన బల్ల ఉండే చోట నిలబడ్డాను. టోపీ అంచు కిందినుంచి చూస్తే మనుషుల కాళ్లు, చక్రాలే కనిపిస్తాయి, ముఖాలు కనిపించవు. ఆయనకు ఊరు ఇన్నాళ్లూ ఇలాగే కనిపించి ఉంటుంది. మెడ ఎత్తి చూద్దామంటే నొప్పి. చీకటి పడుతోంది, అటూ ఇటూ చూస్తూ ఎటు పోవాలా అని ఆలోచిస్తున్నాను.

ఎవరో వెనకనుంచి వచ్చి నా మోచెయ్యి పట్టుకున్నారు. చాలా మెత్తగా, అలవాటైన పట్టు. నన్ను వెనక్కి తిప్పి, "ఇటు కాదు దాదా, ఇల్లు అటు," అన్నారు. బత్తాయి రసం బండివాడు. అతను నా ముఖం చూడలేదు, చూడాల్సిన పని అతనికి ఎప్పుడూ పడలేదు. నేను నోరు తెరిచేలోపే రోడ్డవతలికి కేకేశాడు.

"మిల్ గయే. దాదా మిల్ గయే."

నేను టోపీ తీసి చూపించాను. కాదు భాయ్, నేను, అన్నాను. అతను చెయ్యి వదిలేశాడు. కానీ దాదా దొరికాడన్న కేక వదల్లేదు. రోడ్డవతల ఎవరో అందుకున్నారు, ఆటోవాడెవడో పట్టుకుపోయాడు, చాయ్ హోటల్ నుంచి ఫోన్ వెళ్లింది. నేను కొడుక్కి ఫోన్ చేస్తే ఎంగేజ్ వచ్చింది. మళ్లీ చేశాను, మళ్లీ ఎంగేజే. ఆటో దొరకలేదు. నడుస్తూ, కాళ్లు లాగుతున్నా పరుగెడుతూ పోయాను. దారిలో ప్రతి మలుపులోనూ ఆ మాట నాకన్నా ముందే చేరి ఉంది. పాన్ డబ్బావాడు షాపు వదిలేసి, రోడ్డు మీద నిలబడి ముఖమంతా నవ్వుతో నావైపు చూశాడు. నేను దగ్గరికి రాగానే ఆ నవ్వు పోయింది.

యాకుత్‌పురాలో వాళ్ల గల్లీ నిండా జనం. లైట్లన్నీ వేసి ఉన్నాయి. నన్ను చూసి దారిచ్చారు, నా వెనకాల ఎవరున్నారా అని చూశారు. పెద్దమ్మ గడప మీద నిలబడి ఉంది. పక్కన మెట్టు మీద ఇత్తడి చెంబుతో నీళ్లు, మడత పెట్టిన తువ్వాలు. నన్ను చూసింది. నా చేతిలోని టోపీని చూసింది. ఏం జరిగిందో చెప్పబోయాను. అక్కర్లేదన్నట్టు చెయ్యి ఊపింది. చెంబు ఎత్తి నా కాళ్ల మీద ఆ నీళ్లు పోసింది.

"ఎండల తిరిగి వచ్చినవ్. కడుక్కో," అంది.

నా చేతిలోంచి టోపీ తీసుకుంది. కొంగుతో లోపలి పట్టీ తుడిచి, గుండుసూదులు ఉన్నాయో లేదో తడిమి చూసి, మేకుకు తగిలించింది. ఆయన ఆ రోజు దొరకలేదు. ఇది రాస్తున్న నాటికి కూడా దొరకలేదు. కొడుకు ఇంకా ఫోటో పట్టుకుని ఆదివారాలు తిరుగుతున్నాడు. మా బాల్కనీ బీరువా ఖాళీ అయింది. ఉన్న టోపీలన్నీ కబాడీ భాయ్ మోసుకుపోయాడు.

ఆ సాయంత్రం జనం ఒక్కొక్కరే వెళ్లిపోయాక నేను లేచాను. కిందటిసారి ఆ ఇంట్లోంచి ఎలా లేచి వచ్చానో నాకు గుర్తుంది, ఆమెకూ గుర్తుంది. ఈసారి గడప దగ్గర ఆగి, ఆమెకు వినిపించేట్టు చెప్పాను.

"పోయొస్త పెద్దమ్మా."

ఆమె మేకు వంకే చూస్తోంది.

"ఆ పొద్దు ఆయన గూడ గట్లనే చెప్పిండు తమ్మీ," అంది. "టోపీ లేంది యాడ పోతడని, నేను మల్లి సూడలే."